వరస చివర ఎంటర్

మొదలైంది సోమవారం ఉదయం పదకొండూ రెండుకి. పదకొండు అని రాస్తే సరిపోదు, ఎందుకంటే ఆ రోజు ప్రతి నిమిషానికీ పని ఉంది.

అంతకు ముందు గురువారం మా కోడలు భవానీపూర్‌లో మెట్రో మెట్ల మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది, లాప్‌టాప్ పగిలింది. ఆఫీసువాళ్లు కొత్తది పంపారు గాని అందులో పాతవేవీ లేవు. పదకొండున్నరకి వీడియో కాల్‌లో ఒక కస్టమరుకి తన ప్రోగ్రాం నడిపి చూపించాలి. కొత్త ఉద్యోగంలో మూడు నెలల పరీక్షాకాలం ఆ వారంతో ముగుస్తుంది. ఉంచుకుంటారో లేదో చెప్పే పై అధికారి కూడా ఆ కాల్‌లో ఉంటాడు, బెంగాలీ పద్ధతిలో అందరూ అతన్ని దాదా అంటారు.

ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటోంది. చూడలేక నేను కుర్చీ లాక్కున్నాను. పోర్టు ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు కంటైనర్ల పట్టీలు టైపు చేసినదాన్ని. అవి ఇనపవి, లెక్కపెట్టొచ్చు. ఈమె కంటైనర్లు కంటికి కనబడవు. ప్రోగ్రాములను మూటకట్టి, ఎక్కడో ఉన్న కొన్ని యంత్రాలను ఒక జట్టుగా చేసి, వాటి మీద నడిపిస్తారట. ఆ జట్టే క్లస్టర్. బొమ్మలూ బటన్లూ లేకుండా, నల్ల తెర మీద ఒక్క వాక్యం టైపు చేస్తే తయారవుతుంది.

ఆమె ఫోనులో చూసి చదివింది, నేను కొట్టాను. వాక్యం పొడుగు. తెర కుడి అంచుకి వచ్చేసరికి, టైపు మిషన్‌లో గంట మోగినప్పుడు చేసినట్టే, కింది వరసకి దిగాను. అంటే ఎంటర్ నొక్కాను. పదకొండూ ఏడు అని, పోర్టు అలవాటు కొద్దీ, పక్కనున్న కాగితం మీద రాసుకున్నాను.

"ఏటి చేసినారత్తా?"

వరస అయిపోయింది కదా అన్నాను.

"వరస దానంతటదే మళ్లుతాది. ఎంటర్ కొడితే కమాండు వెళ్లిపోయినట్టే."

ఎన్ని యంత్రాలు, ఎంత పెద్దవి అన్నది ఇంకా టైపు చెయ్యలేదు. చెప్పకపోతే అది తనకు తోచినట్టు మూడు చిన్నవి పెట్టేస్తుందట. మాకు కావలసినవి రెండు పెద్దవి. ఆఫీసు ఆమెకిచ్చిన హద్దు మూడే, కాబట్టి ఇవి పోతేగాని అవి రావు.

"అయితే ఆపీయే."

"ఆగదత్తా. ముందు పూర్తిగా కట్టాలి, కట్టాక కూల్చాలి."

"ఏ కాంట్రాక్టరు నేర్పేడే ఈ పద్ధతి?"

నవ్వింది గాని ముఖం తెల్లబోయింది. కట్టడం పదకొండూ పద్నాలుగుకి అయింది, కూల్చడం ఇరవైకి. తిరిగి టైపు చేసి, అంచు దాటినా కన్నెత్తకుండా, చివరి అక్షరం దాకా వెళ్లి ఎంటర్ నొక్కేసరికి ఇరవై నాలుగు. ఈలోగా దాదా ఫోను. "హొచ్ఛే దాదా, అయిపోతోంది" అంది, ఒకే ఊపిరిలో రెండు భాషలూ కలిపేసి. క్లస్టర్ ముప్ఫై ఒకటికి లేచింది. దాని మీదకి ప్రోగ్రాములు ఎక్కించేసరికి ముప్ఫై అయిదు.

ప్రోగ్రాం చక్కగా నడిచింది. కస్టమరు వెళ్లాక దాదా ఆలస్యం ఎందుకైందని అడిగాడు. తన పొరపాటే అంది కోడలు. ఒకరి తప్పు ఇంకొకరి పేరున ఎక్కితే నాకు పడదు. కెమెరా ముందుకి తల పెట్టి, ఎంటర్ నొక్కింది నేనని, ఏ నిమిషానికి ఏం జరిగిందో కాగితం చూసి బెంగాలీలో చదివాను. అతను మొత్తం విన్నాడు. ఆ కాగితం ఫొటో తీసి పంపమన్నాడు, తప్పులు జరిగినప్పుడు తమవాళ్లెవరూ ఇలా రాసిపెట్టరట.

శుక్రవారం నాలుగూ ఇరవైకి ఉద్యోగం ఖాయమైందని ఫోను వచ్చింది.

పోయినవి ఇవి. మూడు యంత్రాల క్లస్టర్ ఒకటి. మా ఇద్దరివీ చెరి పదిహేడు, ముప్ఫై నాలుగు నిమిషాలు. కాల్‌లో కాచుకున్న ఆరుగురివి తలా అయిదు, ముప్ఫై. మొత్తం అరవై నాలుగు నిమిషాలు.