అవ్వ తాగేది కల్లే గదా

తుంటి ఎముక ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున మా అవ్వ దుప్పటి మీద చీమలు ఏరుతోంది. అక్కడ చీమలు లేవు. మత్తు ఇంకా దిగలేదేమోనని నవ్వుకున్నాను. మధ్యాహ్నానికి ఆమె చేతులు వణకడం మొదలైంది. సాయంత్రం నా ముఖంలోకి చూసి, "నువ్వెవరి పిలగానివి?" అని అడిగింది. నన్ను కన్నతల్లి అడిగిన మాట అది.

మాది బోధన్ దగ్గర ఊరు. నేను చెరుకు ట్రాక్టర్ నడుపుతాను. అవ్వ పెరట్లో జారిపడితే నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తెచ్చాం. చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టర్ షుగర్ ఉందా, బీపీ ఉందా అని అడుగుతూ, తాగే అలవాటుందా అన్నాడు. మా అక్కకు కోపమొచ్చింది. అవ్వకు బ్రాందీ వాసనే పడదని కసిరింది. నేనూ తలూపాను. మేం దాచిందేమీ లేదు. పొద్దుగూకే వేళ దుకాణం నుంచి వచ్చే కల్లు సీసా మాకు గుర్తుకే రాలేదు. మా వైపు కల్లు తాగుడు కింద లెక్కలోకి రాదు. పిల్ల పుట్టినా కల్లే, మనిషి పోయినా కల్లే, చెరుకు కొట్టి వచ్చిన ఒళ్లునొప్పులకూ కల్లే.

రక్తంలో సోడియం చూశారు, బాగానే ఉంది. సీటీ స్కాన్ నార్మల్. పెద్ద వయసులో ఆపరేషన్ తర్వాత కొందరికి ఇలా కన్‌ఫ్యూజన్ వస్తుందన్నాడు ఎముకల డాక్టర్. ఆ మాట పట్టుకుని కూర్చున్నాం. మరుసటి రోజు అక్క అన్నం తినిపిస్తుండగా అవ్వ కళ్లు తేలేసింది. పళ్లు బిగుసుకుపోయాయి. మంచం ఊగేలా కొట్టుకుంది. ఫిట్స్ అంటూ ఐసీయూలోకి తీసుకుపోయారు. అక్క గోడకు ఆనుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, చెమటలు పట్టాయి. అవ్వ పడ్డప్పటి నుంచి నాకు నిద్ర లేదు. గుండె దడగా ఉండేది, ఎవరు పలకరించినా విసుగొచ్చేది. అవ్వ మీద బెంగ అనుకున్నాను.

అప్పుడు న్యూరాలజీ మేడంను పిలిపించారు. ఈ జిల్లా మనిషే. ఆమె ఫైలు పక్కన పెట్టి నన్ను ఒక్కటే అడిగింది.

"అవ్వ కల్లు తాగుతదా?"

"కల్లెవరు తాగరు మేడం?"

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. నర్సుకు ఫిట్స్ ఆపే లోరాజెపామ్ ఇంజెక్షన్ చెప్పి, నేను చేసే పని కనుక్కుని నా భాషలోనే వివరించింది.

"దుకాణంల దొరికేది అంతా చెట్టు కల్లు కాదు తమ్మీ. శానా చోట్ల అల్ప్రజోలం కలుపుతరు. నిద్ర మందు అది. మెదడుల నరాల కణాల మీద గాబా రిసెప్టర్లని ఉంటయి. అవే బ్రేకులు. ఆ మందు రోజూ వచ్చి బ్రేకు తొక్కుతుంటే, కణం తన బ్రేకులు తగ్గించుకుంటది. ఇప్పుడు మందు ఒక్కసారే బందయింది. దీన్నే విత్‌డ్రాయల్ అంటం."

చెరుకు లోడుతో దిగుడు దిగుతుంటే బ్రేకు అందకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అవ్వ ఆ దిగుడులో ఉంది. బతుకుతుందా అని అడిగాను. ఈ రోజు గడవనీ అంది.

ఐసీయూ కాగితం మీద సంతకం పెట్టబోతే పెన్ను నిలవలేదు. మేడం చూసింది.

"నీ చెయ్యి సాపు."

చాపాను. వేళ్లు అవ్వ వేళ్లలాగే ఆడుతున్నాయి.

"నువ్వు తాగక ఎన్నొద్దులాయె?"

అవ్వ ఆఖరి సీసా, నా ఆఖరి సీసా ఒకే సాయంత్రం, ఒకే అరుగు మీద తాగినవి. తల్లిని చూసుకోవడానికి వచ్చినవాణ్ని నేనూ రోగినయ్యాను.

అవ్వ మెల్లగా తేరుకుంది. నన్ను పేరుపెట్టి పిలిచి బువ్వ అడిగిన రోజు వరండాలోకి పోయి ఏడ్చాను. ఇద్దరికీ అదే జాతి మందు మాత్రలుగా రాసి, కొద్దికొద్దిగా తగ్గించాలని చెప్పి పంపారు. ఊళ్లోకి రాగానే కల్లు మాన్పి గోలీలకు మరిగించారని ఎగతాళి. నాకూ రోషమొచ్చి, బాగానే ఉన్నాను కదా అని మాత్రలు ఆపేశాను. ఒకరోజు చెరుకు తోట దగ్గర ట్రాక్టర్ ఎక్కడానికి కాలెత్తింది గుర్తుంది. కళ్లు తెరిచేసరికి నోట్లో మట్టి, కొరుక్కున్న నాలుక. సీట్లో కూర్చున్నాక ఆ ఫిట్స్ వచ్చుంటే, ముందున్న కూలీల మీదికే పోయేది బండి. మేడం బాగా తిట్టింది. "బ్రేకులు మళ్ల కట్టుకునుడు కణాల పని. వాటికి తొందర లేదు, నీకే ఉంది" అంది.

ఇప్పుడు అవ్వ వాకర్‌తో వాకిలి దాకా నడుస్తుంది. మా మాత్ర పావు ముక్కకు దిగింది. సాయంత్రమైతే ఇద్దరికీ నోరు పీకుతుంది, లేదంటే అబద్ధం. ట్రాక్టర్ తాళం ఇంకా అక్క దగ్గరే ఉంది, మేడం సరే అనేదాకా ఇవ్వనంది.

చదివేవాళ్లకు చెప్పేది ఒక్కటే. దేనికి ఆసుపత్రికి పోయినా, అడగకున్నా, కల్లు తాగుతామని డాక్టర్‌కు చెప్పండి. మంచం మీది మనిషి సంగతే కాదు, పక్కన కూర్చున్న మీ సంగతి కూడా.