బాపు గాలానికి నేనేసిన ముడి

ఒక్క ముడితో ఇద్దరు పెద్దమనుషుల పరువును చెరువులో కలిపిన దాన్ని నేను. అదీ పదకొండేళ్ల వయసులో. తోటి పిల్లలు పాలు ఒలకబోసి తిట్లు తినే వయసులో నేనింత ఘనకార్యం చేశానంటే నమ్మాలి మరి. నమ్మకపోతే మా మేనమామను అడగండి. ఆయన చెప్పడు, ఒట్టేశాడు. ఒట్టు నేనూ వేశాను గానీ, ఇరవై ఏళ్లు దాటితే ఒట్టుకు కాలం చెల్లుతుందని నా సొంత చట్టం.

ముందు మా బాపు, అంటే మా నాన్న, సంగతి చెప్పాలి. సిరిసిల్ల నుంచి ముంబై పక్కన భివండీ వచ్చి, నాగావ్‌లో ఒక కార్ఖానాలో సాంచలు నడిపేవాడు. సాంచలంటే పవర్‌లూములు. పన్నెండు గంటలు ఆ చప్పుడులో నిలబడి వచ్చాక ఇంట్లో మామూలు మాట కూడా అరిచే చెప్పేవాడు. "ఉప్పేదీ" అంటే పక్క గదివాళ్లు ఉప్పు పట్టుకొచ్చేవాళ్లు. ఇంత గొంతున్న మనిషికి గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది ఒక్కటే కథ. పెళ్లికి ముందు మానేరు వాగులో ఉత్త చేతులతో మూరెడు కొర్రమట్ట చేపను పట్టిన కథ. నాకు ఆ కథంటే ప్రాణం. అది చెబుతున్నంతసేపూ బాపుకు దగ్గు వచ్చేది కాదు.

ఆ కథకు లోకంలో ఒక్కడే శత్రువు, అమ్మ తమ్ముడు. మామ ఆ ఏడు సిరిసిల్ల నుంచి వారం రోజులకని మా ఇంటికొచ్చాడు. గురువారం అన్నాల దగ్గర బాపు కథ మొదలెట్టి మానేరులో దిగాడో లేదో, మామ అడ్డుపడ్డాడు.

"బావా, నీ పెండ్లప్పుడు ఆ చేప జానెడే ఉండె గదనే. ఇప్పుడు మూరెడయింది. ఏటేటా మేస్తున్నదా ఏంది?"

బాపు చెయ్యి కంచంలోనే ఆగింది. "అబద్ధమంటవారా?"

"నేనెందుకంట? చేపనే వచ్చి జెప్పాలె."

"రేపు శుక్రారం, సాంచలు బంద్. తలావ్ కాడికి పోదాం పా. నీకంటె ముందుగాల చేప పట్టకుంటే, ఆ మానేరు ముచ్చట ఈ జన్మల మల్ల ఎత్త!"

"నువ్వు పడితే, నీ ముచ్చట నిజమేనని గల్లీ అంత దిరిగి జెప్త బావా. ఒట్టు."

చేప పోతే పోయింది, కథ పోతే ఎట్లా? బాపు దగ్గర ఇంకేం మిగులుతుంది, సాంచల చప్పుడు, దగ్గు తప్ప? బాపును గెలిపించాల్సిందేనని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. అసలు ప్రమాదమంతా అక్కడే మొదలైంది.

బాపు అమ్మతో, "రేపు పొద్దుగూకేసరికి చేప తెస్త, చింతపండు నానెయ్" అన్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మా ఇంట్లో గాలం లేదు, ఎర లేదు, చింతపండు మాత్రం నానింది. అమ్మ భర్త మొహం చూసి, తమ్ముడి మొహం చూసి, ఇంత పప్పు కూడా తీసి పెట్టుకుంది.

పొద్దున్నే నిజాంపురా బజారులో రెండు కొక్కేలు కొన్నారు. తాడు కొనడం నేతవాళ్లకు నామోషీ. కార్ఖానా నుంచి తెచ్చిన తెల్ల పాలిస్టర్ దారాన్ని ఎనిమిది పోగులు పేని బాపే ఇద్దరికీ చేశాడు. దారాలను రెండు కర్రలకు కట్టి, నీళ్ల మీద తేలే బెండ్లుగా పాత హవాయి చెప్పుల ముక్కలు కట్టాం. బాపుది నీలం, మామది ఎరుపు. బెండ్ల రంగులు వేరు, దారాలు మాత్రం ఒకటే తెలుపు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కొంప ముంచింది ఆ తెలుపే.

తలావ్ అంటే చెరువు. దాని ఒడ్డున ఒక రాళ్ల గుట్ట, దాని చుట్టూ నిలువెత్తు తుంగ. "నీ మొకం జూస్తే చేప రాదు" అని ఒకరినొకరు అనుకుని, బాపు గుట్టకు అటు, మామ ఇటు కూర్చున్నారు. నేను నడుమ రాళ్ల మీద, చేతిలో ఎరకని గోధుమపిండి ముద్ద.

"కోడలా, నువ్వు నా దిక్కే ఉండాలె," తుంగ వెనక నుంచి మామ.

"అది నా బిడ్డరా!"

"బిడ్డ నీదే. కోడలైతే నాది."

గంట గడిచింది, రెండు గడిచాయి. ఎండ నెత్తికెక్కింది. "బాపూ, ఆకలైతుంది" అన్నాను.

"ఆ పిండి తిను. చేప రాంది నేను లేవ!"

అంతలో గాలి మొదలైంది. బెండ్లు రెండూ కొట్టుకొచ్చి, వాళ్లకు కనబడకుండా సరిగ్గా నా రాళ్ల ముందు తుంగలో చేరి, వాటి పై దారాలు ఒకదానికొకటి పెనవేసుకున్నాయి.

"బాపూ, గుంతా ఝాలా!" అన్నాను. మరాఠీ బడి పిల్లను కదా, నాకు చిక్కు కూడా మరాఠీలోనే పడేది.

"ఏందే?"

"చిక్కు వడ్డది. నీ దారం, మామ దారం."

"మెల్లగనే! ఆడు ఇంటే నాదే తప్పంటడు. సప్పుడు జేయకుండ నువ్వే సూడు."

ఇక్కడ మా ఇంటి శాస్త్రం ఒకటి చెప్పాలి. "చిక్కు ఇప్పుకుంట కూసున్నోడు కూలి పోగొట్టుకుంటడు. తెంపు, ముడెయ్, నడిపియ్." ఇది బాపు నాకు అక్షరాలకంటే ముందు నేర్పిన పాఠం. నేతవాళ్ల ముడి ఆవగింజంత ఉంటుంది, జారదు, వేళ్లకు తగలదు. కళ్లు మూసుకుని వేసేదాన్ని.

చిక్కును పైకి లాగి, అటూ ఇటూ పళ్లతో కొరికి పారేశాను. చేతిలో నాలుగు కొసలు. నాలుగూ తెలుపే. సాంచ మీద తెల్లపోగుకు తెల్లపోగు కలిస్తే చాలు, ఎవరి పోగని ఎవరూ అడగరు. చకచకా రెండు ముడులు వేసి, మిగులు కొసలు కొరికి ఉమ్మేసి, బాపును గెలిపించానన్న గర్వంతో అన్నీ నీళ్లలోకి వదిలాను.

మీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. మీరు తెలివైనవాళ్లు. నేనే తెలుసుకోలేదు. బాపు కర్ర దారాన్ని మామ కర్ర దారానికి కట్టేశాను. నీలం బెండును ఎర్ర బెండుకు కట్టి, గాలాలు రెండూ చెరువుకు దానం చేశాను.

"బెండు కనవడ్తలేదు! మునిగింది!" బాపు కేకకు కొంగలు లేచిపోయాయి.

"నాది సుత మునిగింది బావా!"

బాపు గుంజాడు. అటు మామ కర్ర వంగింది. మామ గుంజాడు. ఇటు బాపు కర్ర వంగింది.

"వడ్డదిరో! మస్తు పెద్దది!"

"నాది ఇంక పెద్దది! పది కిలోలుంటది!"

"నాది ఇర్వై!"

నిజానికి ఇద్దరూ తక్కువే చెప్పారు. ఎవరూ అరవై కిలోలకు తగ్గరు.

దారిన పోయే కుల్ఫీ అతను సైకిలు ఆపి బాపు వెనక చేరాడు. "ఛోడ్నా మత్ చాచా! థోడా ఢీల్ దో, ఫిర్ ఖీంచో!" వదలొద్దు, కాస్త వదులిచ్చి మళ్లీ గుంజమని. బాపు వదులిచ్చాడు. అటు మామ వెల్లకిలా పడ్డాడు. "అమ్మో, ఎదురు తిరుగుతున్నది బావా!" అంటూ లేచి ఊపుగా గుంజాడు. ఇటు బాపు బోర్లా పడ్డాడు.

అప్పుడు చూశాను. నా పాదాల ముందు దారం నీళ్లలోంచి లేచి, అటు బాపు దాకా ఇటు మామ దాకా బట్టలారేసే తీగలా బిగుసుకుంది. నట్టనడుమ నా ముడి.

"బాపూ..." అన్నాను.

"సూస్తున్నవా బిడ్డా! మానేరు చేప గిట్లనే గుంజింది!" ఒళ్లంతా బురద, మొహమంతా వెలుగు. ఒక్క దగ్గు లేదు. ఆ మొహం చూసి ఎట్లా చెప్పను? చెప్పలేకపోయాను.

ఇద్దరూ ఆఖరి పట్టు పట్టి, దారం చుట్టుకుంటూ నీళ్లలోకి దిగి, తుంగను చీల్చుకుంటూ వచ్చి, మోకాటి లోతులో ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరి దారం చివర ఒకరు.

బాపు దారం వెంట వేళ్లు జరుపుకుంటూ వచ్చి ముడి దగ్గర ఆగాడు. "ఎవలేసిండ్రు?"

"చిక్కు వడితే... తెంపిన... ముడేసిన..."

మామ కూడా వంగి చూశాడు. ఆయనా నేతవాడే. "ముడైతే మంచిగున్నదే బావా. ఇద్దరం గుంజినా జారలే."

"నేర్పినోడు ఎవడు మరి!" అని బాపు ఛాతీ విరిచి, అంతలోనే కోపం గుర్తొచ్చి, "గాడిదా!" అన్నాడు నాతో.

"అరే, వో దేఖో!" అని కుల్ఫీ అతను అరిచాడు. చెరువు నడుమ నీలం బెండు, ఎర్ర బెండు జంటగా పరుగెత్తుతున్నాయి. నిజం చేపే!

"నా గాలమే మింగింది!"

"ముందుగాల ఊగింది ఎర్రది బావా! నాదే!"

పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చిందంటారు. ఈ బావ పోరు, బామ్మర్ది పోరు చేప తీర్చింది. రెండు బెండ్లూ ఒక్కసారే మునిగాయి, మళ్లీ తేలలేదు. ముడి సంగతి ఎక్కడా ఎత్తనని ఇద్దరూ నాతో ఒట్టేయించుకున్నారు, వాళ్లూ వేసుకున్నారు.

ఇంటికొచ్చాం. "చేపేది?" అంది అమ్మ. బాపు తల దించుకున్నాడు. ఓడలేదు గానీ గెలవనూ లేదు. చేప పట్టకుంటే ఎత్తనన్న మాట మాటే. మానేరు కథ ఆ గడప దగ్గరే చచ్చిపోతోందనుకున్నాను.

అప్పుడు మామ చెప్పులు విడుస్తూ అన్నాడు, "అక్కా, అది చేప గాదే, రాకాసి. రెండు గాలాలు ఒక్కసారే మింగింది! బావ నీళ్లల్ల దిగి, పడి లేసి గుంజిండు. నా కండ్లతోటి జూసిన. మానేరు ముచ్చట సుత నిజమే అయ్యుంటది."

బాపు మెల్లగా తలెత్తాడు.

"ఎంతుంటది?" అంది అమ్మ, నవ్వు ఆపుకుంటూ.

మామ రెండు చేతులూ బారెడు చాచాడు. బాపు గొంతు గల్లీ అంతా మోగింది.

"ఇంకింత సాపురా చేతులు!"

ఆ రోజు మేం తిన్నది పప్పు. నానిన చింతపండు అందులోకే పోయింది. ఆ చేప మాత్రం నేటికీ పెరుగుతూనే ఉంది, ఇప్పుడు దాన్ని మేపేది ఇద్దరు. నేనైతే ఆ పప్పుకంచం ముందే ప్రమాణం చేశాను. తెల్ల దారం కొసలు రెండు చేతికొస్తే, అవతల పట్టుకున్నదెవరో, ఊరేదో, వరసేమిటో కనుక్కోకుండా ఈ జన్మలో ముడి వేయను. మొన్న మా అమ్మాయి చొక్కాకు గుండీ కుట్టమని సూది, దారం తెచ్చిస్తే కూడా, ముందు దారం చివరిదాకా చూసుకున్నాను.