తిథి కాని రోజు సముద్రం

మొన్న మా చెల్లెలి కోడలు సెల్‌ఫోను పట్టుకుని నా పక్కన చేరింది. పెళ్ళయ్యాక మొదటిసారి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఏదో దీవికి విహారానికి వెళుతున్నారట. ఆ దీవి చుట్టూ ఉన్న బీచిలన్నీ ఒక్కొక్కటే వేలితో జరుపుతూ చూపించింది. ఒకచోట ఇసుక పంచదారలా తెల్లగా ఉంది, ఇంకోచోట నీళ్ళు నెమలికంఠం రంగులో మెరుస్తున్నాయి. "ఏది బాగుందో మీరు చెప్పండి పెద్దత్తయ్యగారూ" అంది. నేను అన్నీ చూసి, "ఇసక మెత్తనా, గట్టిదా?" అని అడిగాను. ఆ పిల్ల తెల్లబోయి, "అది ఇందులో రాయలేదండి" అంది. ఇసుక సంగతి చెప్పకుండా బీచి గురించి ఇంకేం చెబుతారో నాకు తెలియదు. నాకు తెలిసిన ఒడ్డులన్నీ మా దీవివే. కోనసీమ మాత్రం దీవి కాదా ఏమిటి? మూడు వైపులా గోదావరి పాయలు, నాలుగో వైపు సముద్రం. ఆ నాలుగో వైపుని నేను అడుగడుగూ కాలితో అదిమి మరీ చూశాను. అది మా అత్తగారి చలవ.

మా అత్తవారిది రాజోలు దగ్గర పల్లెటూరు. కోనసీమని ఊడ్చిపెట్టిన ఆ పెద్ద తుఫాను వెళ్ళిన రెండో ఏడు శ్రావణమాసంలో మా అత్తగారు పెరట్లో నాచు మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. కాకినాడలో ఆపరేషను చేసి లోపల కడ్డీ వేశారు. పంపించేటప్పుడు డాక్టరుగారు, "ఇంట్లో నాలుగడుగులు వేయగలిగితే అదే పదివేలండి. బయటి తిరుగుళ్ళు ఇక మరిచిపోండి" అన్నారు. అత్తగారు ఆయనకి భక్తిగా నమస్కారం పెట్టి, కారు ఎక్కగానే నాతో, "మాఘ పౌర్ణమికి ఇంకా ఎన్నాళ్ళుందే?" అని అడిగారు. కాపరానికి వచ్చినప్పటినుంచి ఏటేటా మాఘ పౌర్ణమికి అంతర్వేదిలో సముద్ర స్నానం చేయడం ఆవిడకి అలవాటు. తుఫాను తరువాత వచ్చిన మాఘంలో, కొబ్బరితోట మొదళ్ళతో సహా పడిపోయి ఇంట్లో అందరం దిగులుపడి కూర్చున్నప్పుడు కూడా మానలేదు. "ఆయన కోపం ఆయన పడ్డాడు. మన మొక్కు మనం తీర్చుకోవాలి" అన్నారు సముద్రుణ్ణి ఉద్దేశించి.

మా మామగారు మెత్తని మనిషి. "దానికేముంది, కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం ఎత్తుకుని తీసుకెళతాం" అన్నారు. అత్తగారు మంచం మీదనుంచే ఆయనవైపు తిరిగి, "నలుగురూ ఎత్తుకుని తీసుకెళ్ళేది ఒక్కసారేనండి. అప్పుడు నేను వద్దన్నా మానరు కదా. ఈసారికి నా కాళ్ళమీద వెళతాను" అన్నారు. నేను దేవుడి గూట్లో దీపం ఎగదోసి, ఈ పట్టుదల ఆవిడకి నువ్వే ఇచ్చావు, కాళ్ళు కూడా నువ్వే ఇవ్వాలి స్వామీ అనుకున్నాను.

ఆస్పత్రివాళ్ళు నాలుగు కాళ్ళ ఇనప చట్రం ఒకటి ఇచ్చారు, పట్టుకుని నడవడానికి. అత్తగారు దానికి మేక అని పేరు పెట్టారు. పొద్దున్నే "మేకని తోలుకురా" అని కేకేసేవారు. దాన్ని పట్టుకుని వసారా ఈ కొసనుంచి ఆ కొసకి నడిచేవారు. మొదట్లో రెండడుగులకే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నోటి వెంట మాత్రం నరసింహస్వామి నామం తప్ప ఇంకోటి వచ్చేది కాదు. మేక లేకుండా నిలబడమంటే మటుకు ఆవిడకి వణుకు. కాలి బలం పోవడం కన్నా పడతానన్న భయం పెద్దదని మాకు చెప్పింది మా ఊళ్ళోనే ఉండే నర్సుగారు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉద్యోగం చేసేవారు. సాయంత్రం ఇంటికి వెళుతూ మా గుమ్మం ముందు సైకిలు ఆపి, అత్తగారి కాలు వంచీ చాపీ చూసి వెళ్ళేవారు. ఆవిడ ఒకనాడు, "ఇసకలో నడవండి మామ్మగారూ. పడ్డా దెబ్బ తగలదు, భయం పోద్ది" అన్నారు.

"ఇసకలో కాలు కూరుకుపోద్ది కదమ్మా" అన్నారు అత్తగారు.

"మా ప్రభువు నీళ్ళ మీద నడిచేడండి. మీరు ఇసక మీద నడవలేరా?"

"మీ ప్రభువుకి తుంటి విరగలేదు కదా తల్లీ."

నర్సుగారు నవ్వి, "ఆయనకి అంతకన్నా పెద్ద దెబ్బలే తగిలేయండి. అయినా లేచేడు" అన్నారు. అత్తగారు కాలు చాపి చూసుకుని, "ఆయ్, అదీ నిజమే. ఆదివారం కారు మాట్లాడండి" అన్నారు మామగారితో.

అలా మార్గశిరంలో మొదలైంది మా సముద్ర యాత్ర. పొరుగూరినుంచి అద్దె అంబాసిడరు వచ్చేది. వెనక డిక్కీలో మేక, ముందు సీట్లో మామగారు, వెనక మేమిద్దరం, నా ఒళ్ళో పులిహోర గిన్నె. మొదట కేశనపల్లి వెళ్ళాం, దగ్గరని. అక్కడి ఇసుక పొడిగా, పిండిలా ఉంది. మేక నాలుగు కాళ్ళూ అందులో దిగబడిపోయి కదలనంది. అత్తగారు దానికేసి చూసి, "ఇది తల్లిని వదలని దూడలా ఉందే" అని, గత్యంతరం లేక నా భుజం పట్టుకున్నారు. ఆ తరువాతి వారం చింతలమోరి. నన్నడిగితే మా ఒడ్డులన్నిటిలోకీ నాకు అదే ఇష్టం. సరుగుడు తోట దాటి వెళ్ళాలి. ఆ తోటలో గాలి దూరినప్పుడు వచ్చే ఈల లాంటి చప్పుడు, దాని వెనకనుంచి సముద్రపు హోరు, ఎవరో మెల్లగా చదువుతుంటే వెనకనుంచి పెద్దాయన వంత పాడుతున్నట్టు ఉంటుంది. ఒడ్డున ఎండేసిన వలలు, బోర్లించిన పడవలు, నీచువాసన. అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "వాసన సంగతెలా ఉన్నా నీడ బాగుంది" అని ఒప్పుకున్నారు. సరుగుడు ఆకు రాలి నేల జారుతుందని మాత్రం దానికి మార్కులు తగ్గించారు. మామగారికి నచ్చింది ఓడలరేవు. మాకు దూరమే, అమలాపురం మీదుగా వెళ్ళాలి. కానీ అక్కడ వేడివేడి మిరపకాయ బజ్జీలు దొరుకుతాయి. అత్తగారి లెక్కలో కూడా అదే మొదటిది, బజ్జీల కోసం కాదు. అక్కడ నీళ్ళకి దగ్గరగా తడిసిన ఇసుక సిమెంటు గచ్చులా గట్టిగా ఉంటుంది.

అయితే ఆ గట్టి ఇసుక దగ్గరే అసలు చిక్కు. సముద్రాన్ని అమావాస్య, పౌర్ణమి లాంటి పర్వాల్లోనే తాకాలి, తక్కిన రోజుల్లో దూరంనుంచి దణ్ణం పెట్టుకోవాలి తప్ప ముట్టుకోకూడదని పెద్దల మాట. అత్తగారు ఆ మాట జవదాటే మనిషి కాదు. మేం వెళ్ళేవి ఆదివారాలు, ఆ రోజు ఏ తిథి పడితే ఆ తిథి. అందుచేత నడవడానికి హాయిగా ఉండే తడి ఇసుకని కళ్ళతో చూస్తూ, కాళ్ళు కూరుకుపోయే పొడి ఇసుకలోనే నా భుజం పట్టుకుని తిరిగేవారు. పుష్యమాసం కూడా అలాగే గడిచిపోతోంది. భుజం వదలడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు. ఒకసారి కారులో తిరిగి వస్తూ, ఎప్పుడూ లేనిది, "ఈ ఏటికి తప్పిపోద్దేమోనే" అన్నారు మెల్లగా. నేను ఆవిడ చెయ్యి నిమిరాను.

అప్పుడు మామగారు, పుష్య అమావాస్య దగ్గరికొచ్చింది కదా, ఆ రోజు ఓడలరేవు వెళదాం, అమావాస్య గనక తడి ఇసుకలో నడవచ్చు, నీళ్ళు తగిలినా దోషం లేదన్నారు. నాకు మా నాన్నగారు ఇంటిదగ్గరే అక్షరాలతోపాటు పంచాంగం చూడటం కూడా నేర్పారు గాని, ఆ ఇంట్లో పంచాంగం మామగారి శాఖ. కోడలు అందులో వేలు పెట్టేది కాదు. పొద్దున్నే బయలుదేరి, బాగా ఎండెక్కకముందే చేరాం. అత్తగారు నా భుజం పట్టుకుని మొట్టమొదటిసారి తడి ఇసుక మీదికి వచ్చారు. అలలు ఇంకా అల్లంత దూరంలో ఉన్నాయి. ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి అడిగారు.

"అమావాస్య ఎప్పుడొచ్చిందండీ?"

మామగారు బజ్జీల బండివైపు చూస్తున్నవారల్లా తడబడ్డారు. "వచ్చేస్తదే. భోజనాల వేళకి వచ్చేస్తది."

"వచ్చేస్తదా? అంటే ఇప్పుడింకా చతుర్దశా?"

ఆయన బదులు చెప్పేలోపల పెద్ద అల ఒకటి విరిగి, నురగ పరుచుకుంటూ మా మీదికి వచ్చింది. నా భుజం మీద చెయ్యి లేదని నాకు తెలిసేసరికి అత్తగారు చీర కుచ్చెళ్ళు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, గబగబా వెనక్కి నడిచేస్తున్నారు. పడలేదు, తూలలేదు. అల ఆవిడ పాదాలకి జానెడు దూరం దాకా వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. నీళ్ళు నా కాళ్ళకి తగిలాయి గాని ఆవిడకి తగల్లేదు. ఆవిడ నిలబడి నన్ను చూశారు, మా ఇద్దరి మధ్యా ఉన్న ఎడం చూశారు, ఖాళీగా ఉన్న తన చేతులు చూసుకున్నారు. అప్పుడు అర్థమైంది ఆవిడకి. అయినా ముందు అన్న మాట మటుకు, "తిథి చూడ్డం కూడా రాదండీ మీకు!"

మామగారి కళ్ళలో నీళ్ళు. "ఇలా నడుస్తానంటే వారం వారం తప్పే చూస్తానే" అన్నారు.

మాఘ పౌర్ణమి దాకా మిగిలిన పక్షం రోజులూ ఆవిడ అలాగే నడిచారు. తిథి కాని రోజే కావాలన్నారు. అల వచ్చినప్పుడు వెనక్కి, పోయినప్పుడు ముందుకి. అల ఆవిణ్ణి ఎన్నడూ ముట్టుకోలేదు. నర్సుగారికి చెబితే, "ఈ వైద్యం మాకు చెప్పలేదండి" అని పడీపడీ నవ్వారు.

మాఘ పౌర్ణమినాడు అంతర్వేది జనంతో కిక్కిరిసి ఉంది. నర్సుగారు కూడా సెలవు పెట్టుకుని మాతో వచ్చారు. అత్తగారు డ్రైవరుతో, "మేకని కట్టేసి ఉంచు బాబూ" అని చెప్పి దిగారు. అక్కడ నీళ్ళదాకా పొడి ఇసుక చాలా దూరం. సగం దారిలో ఆవిడ కాలు మడతపడి మోకాళ్ళమీద కూలబడ్డారు. చుట్టుపక్కలవాళ్ళు "అయ్యయ్యో మామ్మగారూ" అంటూ చేతులు చాపి వచ్చారు. నేనూ వంగాను. "లేపొద్దు. లేస్తాను" అన్నారు. అందరం చేతులు వెనక్కి తీసుకుని నిలబడ్డాం. నర్సుగారు చెప్పులు చేత్తో పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను స్వామిని తలుచుకున్నాను. ఎవరి దేవుడు విన్నాడో గాని, ఆవిడ చేతులు ఇసుకలో ఆనించి, మోకాలు ఎత్తి, నెమ్మదిగా, మహా నెమ్మదిగా లేచారు. ఒంటినిండా ఇసుకతో నీళ్ళలోకి నడిచారు. పసుపూ కుంకుమా సముద్రంలో వదిలి, "వచ్చేను తండ్రీ" అన్నారు. మూడు మునకలు వేశారు.

ఒడ్డుకి వచ్చాక మామగారివైపు చెయ్యి చాపి, "రావడం వరకే నా మొక్కు. వెళ్ళేటప్పుడు పట్టుకోవచ్చు" అన్నారు. అంతమంది జనంలో ఆయన చెయ్యి పట్టుకుని ఆవిడ నడవడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆ తరువాత ఆవిడ చాలా మాఘాలు చూశారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. నాకు ఆనాటి ఆవిడ వయసు వచ్చింది. మెట్లు దిగేటప్పుడు నాకు తెలియకుండానే చెయ్యి గోడని వెతుకుతుంది. వెతికిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుని, స్వామి పేరు చెప్పుకుని దిగుతాను. కాలం మనకి ముసలితనాన్ని అడక్కుండానే ఇచ్చి పోతుంది. అందులో నిలబడే మొండితనాన్ని మాత్రం ఎవరికి వారు రోజూ అడిగి తెచ్చుకోవాలి.