వెనక మెట్ల మీద సాయమ్మ

సాయమ్మ చేతులకు రెండు వాసనలు. పొద్దున ఫినాయిల్, మధ్యాహ్నం చింతపండు. గోపన్‌పల్లి దారిలో ఉన్న నాలుగు బ్లాకుల అపార్టుమెంట్లలో ఆమె క్లబ్‌హౌస్ ఊడ్చి తుడిచేది. భర్త ఓదెలు మాదాపూర్‌లో ఒక పెద్ద భవనం కడుతుండగా సారువ కర్రల మీది నుంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత ఆమెకు ఈ పని, పనితోపాటు సెల్లారులో జనరేటరు పక్కన ఒక గది దొరికాయి. ఎనిమిదో తరగతిలో బడి మానేసి నేను ఆమె దగ్గరే పనికి కుదిరాను. చిన్నమ్మా అని పిలిచేదాన్ని.

మధ్యాహ్నం కాసేపు మాకు విరామం. సిద్దిపేట వైపు ఊరి నుంచి తన తమ్ముడు పంపిన చింతపండును సాయమ్మ వెనక మెట్ల మీద పోసుకుని, రాయితో కొట్టి గింజలు తీసేది. అపార్టుమెంటు పిల్లలెవరైనా ముఖం మాడ్చుకుని అటు వస్తే ఏమైందని అడిగేది కాదు. ఓ పిడికెడు చింతపండు వాళ్ల ముందు పెట్టేది.

"జర గింజలు తియ్యి బిడ్డా, నా నడుము గుంజుతున్నది."

అరగంట మాటా పలుకూ ఉండదు. ఆ తర్వాత పిల్లలే మొదలుపెడతారు. ఎందుకు అడగవని ఒకసారి నేనడిగాను.

"నా బిడ్డ జ్యోతిని అడిగిన. అప్పుడు పదిహేనేండ్లు దానికి. ఎందుకేడుస్తున్నవ్, చెప్పు, చెప్పు అని సతాయించిన. చెప్పకుంటే కొట్టిన. మేనత్త ఇంటికి పోయింది. ఇయ్యాల్టికీ నాతోని మాట లేదు." గింజ తీసి పక్కన పడేసింది. "చేతికి పనుంటే నోరు దానంతట అదే తెరుసుకుంటది పిల్లా. కండ్లల్ల కండ్లు పెట్టి అడిగితే తలుపేసుకుంటది."

అవి ప్రత్యేక తెలంగాణ కోసం సహాయ నిరాకరణ జరుగుతున్న రోజులు. వారానికో బంద్. బడులు తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ. సెల్లారులో క్రికెట్ ఆడే పిల్లలు ఆంధ్రా టీము, తెలంగాణ టీము అని విడిపోయారు. ఒకరోజు ఒకడి పెదవి చిట్లింది. దాంతో అసోసియేషన్ ప్రెసిడెంటు కామేశ్వరరావు గారు రవికిరణ్ అనే ట్రైనర్‌ను పిలిపించారు. ఆయన నాలుగు ఆదివారాలు క్లబ్‌హౌస్‌లో పిల్లలకు ఎమోషనల్ ఇంటెలిజెన్స్ నేర్పుతాడని నోటీసు పెట్టారు.

నేర్పడం అంటే ఇది. పసుపు అట్టల మీద నవ్వే ముఖం, ఏడ్చే ముఖం, పళ్లు కొరికే ముఖం. ఒక్కొక్కరినీ లేపి నీ ముఖం ఏదని అడిగేవాడు. వేలు చూపించకపోతే, "చూశారా, ఈ బాబు మనసు లాక్ అయిపోయింది" అని వెనక కూర్చున్న తల్లిదండ్రులకు చెప్పేవాడు. వాళ్లు తలలూపుతూ సమోసాలు నమిలేవాళ్లు. వాళ్లు సగం తాగి వదిలిన టీ కప్పులు ఎత్తేటప్పుడు, అంచులకు అంటిన ఎంగిలి చూసి వేళ్ల కొసలతో పట్టుకునేదాన్ని. ఎంగిలి మాకు కొత్త కాదు. ఆ తలలూపడం చూశాక వచ్చిన రోత అది.

కామేశ్వరరావు గారి అమ్మాయి నీహారిక పదో తరగతి. రెండో ఆదివారం తర్వాత వెనక మెట్ల దగ్గరకు వచ్చి కూర్చుంది. మొదటి రోజు గింజలు తీసి వెళ్లిపోయింది. మరుసటి రోజు తల ఎత్తకుండా అంది:

"సాయమ్మా, మా నాన్న నీలా మాట్లాడతారు. అన్నం తినేటప్పుడు. ఏంది, గిట్ల, గట్ల అంటూ. వీళ్లకి రాష్ట్రమిస్తే చీపురు మీద జెండా ఎగరేస్తారంటారు. అందరూ నవ్వుతారు."

సాయమ్మ రాయి దించలేదు. "నువ్వు?"

"నేనూ నవ్వాను."

నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల చేతిలోని చింతపండు లాక్కోవాలనిపించింది. సాయమ్మ మాత్రం, "నవ్వినంక కడుపుల ఎట్లయింది?" అని అడిగింది.

"పాచిపోయిన అన్నం తిన్నట్టు."

"గదే సిగ్గు. మీ నాయిన మీద వచ్చింది కోపం. రెండూ కలిపి ముద్ద చేసుకుంటే మింగుడు పడది. ఏది ఏందో ఎరుకైతే పట్టుకోవచ్చు." ఓ చింతపండు రెబ్బ చిదిమింది. "నాయినను నా ముందట తిట్టకు. ఆయనకు చెప్పేది ఆయనకే చెప్పాలె."

మూడో ఆదివారం రవికిరణ్ చీటీలు పంచమన్నాడు. ఇంట్లో మీకు అసహ్యం కలిగించేది రాసి డబ్బాలో వేయండి, పేరు రాయొద్దు, ఎవరికీ తెలియదు అన్నాడు. చీటీలు మాత్రం బ్లాకుకో రంగు. ఏ బ్లాకు పిల్లలు ఎలా ఉన్నారో కమిటీకి గ్రాఫు గీసి చూపించాలట. మా అపార్టుమెంట్లలో ఏదైనా బ్లాకుల వారీగానే నడుస్తుంది, నీళ్లయినా, వినాయకుడి చందా అయినా. సి బ్లాకుకు గులాబీ రంగు. సి బ్లాకు నుంచి క్లాసుకు వచ్చేది నీహారిక ఒక్కతే. చీటీలు పంచింది నేనే. గులాబీ చీటీ ఆ ఒక్క పిల్ల చేతిలోనే ఉండటం చూశాను. దొరికిపోతావని హెచ్చరించలేదు. ఆ పిల్ల నవ్విందన్న కోపం నాలో ఇంకా ఉంది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత.

ఆ సాయంత్రమే కమిటీ గదిలో, నేను సమోసాలు అందిస్తుండగా డబ్బా తెరిచారు. రవికిరణ్ ఒక్కొక్కటీ చదువుతుంటే పెద్దవాళ్లు ఎవరి పిల్లలో ఊహిస్తూ నవ్వారు. గులాబీ చీటీ వచ్చింది.

"మా నాన్న పనివాళ్ల మాటను వెక్కిరిస్తే నేనూ నవ్వాను. ఆయన మీద కోపంగా ఉంది. నా మీద నాకు సిగ్గుగా ఉంది."

"సి బ్లాకులో ఒక్కరే కదండీ!" అన్నారెవరో. నవ్వులు ఆగిపోయాయి. కామేశ్వరరావు గారి చెవులు ఎర్రబడ్డాయి. రవికిరణ్ ఆ చీటీతోనే సమోసా నూనె వేళ్లు తుడుచుకుని ప్లేటులో పడేశాడు.

నీహారికను పిలిపించారు. "ఇవన్నీ నీ మాటలు కావు. ఎవరు నేర్పారు?" తండ్రి గొంతు పెరిగేకొద్దీ ఆమె చేతులు వణికాయి. చివరికి ఒకే మాట అంది.

"సాయమ్మ."

మరునాడు సాయమ్మకు పని మానుకోమని చెప్పేశారు. పిల్లల్లో ప్రాంతీయ విషం నింపుతోందట. వచ్చే ఆదివారం సాయంత్రంలోగా గది ఖాళీ చేయాలి. ఆమె మిగిలిన చింతపండు ముందేసుకుని కూర్చుంది.

నాలుగో ఆదివారం పొద్దున నీహారిక వెనక మెట్ల దగ్గరకు వచ్చింది. నేను ముఖం తిప్పుకున్నాను.

"నీ పేరు నేనే చెప్పాను సాయమ్మా."

"ఎరుకే. కూసో."

"నన్ను తిట్టు."

"తిడితే నీకు హాయి అయితది. నేనెందుకు తిట్టాలె?" చింతపండు ముందుకు జరిపింది. "గింజలు తియ్యి."

తీసింది. ముక్కు చీదుతూ, చీదిన చేత్తోనే తీసింది. నాకు ఏవగింపు కలిగింది. సాయమ్మ తన కొంగు అందించి చెయ్యి తుడుచుకోమంది. చాలాసేపటికి నీహారిక అడిగింది, "వాళ్లకి నిజం చెప్పేస్తే నిన్ను ఉండనిస్తారా?"

"ఏమో. అది నాకెరుక లేదు. ఉంచుతరన్న ఆశతోని చెప్పకు, ఉంచకపోతే నీకు మళ్ల కోపమొస్తది. అబద్ధం నీదయితే, దాన్ని నువ్వే తియ్యాలె. అంతే."

మధ్యాహ్నం సర్టిఫికెట్లు ఇచ్చే సభ. నేను నీళ్ల సీసాలు పెడుతూ గోడవారన నిలబడ్డాను. నీహారిక పేరు పిలిచారు. తల్లిదండ్రుల ముందు మనసు విప్పినందుకు ప్రత్యేక బహుమతి అన్నాడు రవికిరణ్. నూనె తుడుచుకున్న ఆ చేతులతోనే చప్పట్లు కొట్టాడు. ఆమె మైకు తీసుకుంది.

"ఆ చీటీ నేనే రాశాను. సాయమ్మ నాకు చెడు ఏమీ నేర్పలేదు. భయపడి ఆమె పేరు చెప్పాను. తప్పు నాది. ఆమెను పంపించకండి నాన్నా."

కామేశ్వరరావు గారు లేచి, కూతురి భుజం మీద చెయ్యి వేసి, జనం వైపు తిరిగారు.

"చూశారాండీ! నాలుగే నాలుగు క్లాసులు. పిల్ల తప్పు ఎంత ధైర్యంగా ఒప్పుకుందో! రవికిరణ్ గారికి గట్టిగా చప్పట్లు కొట్టండి."

కొట్టారు. వెనక వరుసలో ఉన్నవాళ్లు లేచి మరీ కొట్టారు. గది ఖాళీ చేయాలన్న మాట మీద ఎవరూ నోరెత్తలేదు. నీహారిక సర్టిఫికెట్‌ను బల్ల మీద బోర్లించి దిగిపోయింది. చేతిలో ఉన్న నీళ్ల సీసాను ఎవరి ముందు పెట్టాలో తోచక నేలమీద పెట్టేసి బయటికి వచ్చాను.

గేటు అవతల సాయమ్మ నిలబడి ఉంది. నెత్తిన బట్టల మూట, చంకలో చింతపండు సంచి. మియాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటపని దొరికింది ఆమెకు. బంద్ వల్ల బస్సులు లేవు, నడిచే పోవాలి. జరిగింది చెప్పాను, చప్పట్లతో సహా. ఆమె మూట సరిచేసుకుని అడిగింది.

"చెప్పేటప్పుడు పిల్ల చేతులు వణికినయా?"

"లేదు చిన్నమ్మా."

సాయమ్మ తలూపింది. సంచి ఇటు నుంచి అటు మార్చుకుని నడవడం మొదలుపెట్టింది.