మా ఫోన్‌కి పని నేర్పిన రత్నం దొడ్డమ్మ

నిన్న పొద్దున్నే అక్క ఫోన్ చేసి "దొడ్డమ్మ పోయిందే" అంది.

"ఏ దొడ్డమ్మ?" అన్నాను.

మాకున్నది ఒక్క దొడ్డమ్మే.

ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువులు చేసిన మా రత్నం దొడ్డమ్మ. అమ్మకి అక్క. నిద్రలోనే వెళ్ళిపోయిందట.

ఏడుపు అయిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వే వస్తోంది.

మా టీమ్ వ్యాపారస్తుల కోసం ఒక ఫోన్‌నీ, దాని ఆపరేటింగ్ సిస్టమ్‌నీ తయారు చేస్తున్న రోజులు. ఒకే ఫోన్‌లో పనికో భాగం, ఇంటికో భాగం. సాయంత్రం ఆరు కాగానే పని భాగం దానంతటదే మూతపడుతుంది.

ఆ ఐడియా నాది. చాలా గర్వంగా ఉండేది.

వాడి చూడమని ఒక ట్రయల్ ఫోన్ దొడ్డమ్మకి ఇచ్చాను.

మొదటి వారమే కంప్లైంట్. "అమ్మడూ, ఇది నా వేలు గుర్తుపట్టట్లేదే."

"చెయ్యి తుడుచుకుని పెట్టు దొడ్డా."

"రొయ్యలోళ్ళ చెయ్యి ఎప్పుడు ఆరుద్దే?"

రెండో వారం ఒక సాయంత్రం వాన. కరెంటు పోయి, చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోయాయి. కాపలా ఉండే సూరిబాబు ఫోన్ మీద ఫోన్ చేశాడు. దొడ్డమ్మ ఇంట్లో అట్లు పోసుకుంటోంది. ఫోన్ మోగలేదు. ఆరు దాటింది కదా.

చివరికి అతను తడుస్తూ సైకిల్ మీద వచ్చి చెప్పాడు. ఇద్దరూ పరిగెత్తుకెళ్ళి జనరేటర్ వేసేసరికి రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతున్నాయట. ఇంకాస్త ఆలస్యమైతే పంటంతా పోయేది.

విషయం తెలియగానే తిట్లు తినడానికి సిద్ధపడి ఫోన్ చేశాను. దొడ్డమ్మ మాత్రం తిట్టలేదు.

"నీ ఫోను ఆరింటికే డ్యూటీ దిగిపోయిందే. ఆ సంగతి రొయ్యలకి ఎవరూ చెప్పలేదు" అంది.

ఇది విన్న మా బాస్ ఆవిడని హైదరాబాద్ పిలిపించారు. డబ్బా నిండా పనసతొనలతో మీటింగ్ రూమ్‌కి వచ్చింది. అందరం తింటూనే విన్నాం.

"సాయంత్రం కూడా పని కాల్స్ వస్తే విసుగు రాదా అండీ?" అని బాస్ అడిగారు.

"ఆయ్, వస్తదండి. అందరివీ అక్కర్లేదండి. మా సూరిబాబు ఫోను ఒక్కటే రానివ్వండి. మేత అమ్మేవోళ్ళని మట్టుకు తెల్లారేదాకా ఆపేయండి."

బాస్ నవ్వుతూనే లేచి అది బోర్డు మీద రాశారు.

మనం ఎంచుకున్న మనుషుల ఫోన్ ఎప్పుడైనా మోగేలా మార్చాం. తడి చేత్తోనైనా ఎత్తడానికి పక్కన బటన్ పెట్టాం. ఫోన్ మార్కెట్లోకి వచ్చాక జనం ఎక్కువ మెచ్చుకున్నవి ఆ రెండే.

ఆ మీటింగ్ రోజు తిరుగు బస్సెక్కేముందు దొడ్డమ్మ మెల్లిగా అడిగింది. "నీ ఐడియా పాడుచేసేనా అమ్మడూ?"

"బాగుచేసేవు దొడ్డా."

నిన్న ఆఫీస్ గ్రూప్‌లో కబురు పెట్టాను. ఆవిడని ఎప్పుడూ చూడని కొత్తవాళ్ళు కూడా జవాబిచ్చారు.

"మన దొడ్డమ్మ" అనే రాశారు అందరూ. "మీ దొడ్డమ్మ" అని ఒక్కరూ రాయలేదు.

వెళ్ళిరా దొడ్డా.
నువ్వెక్కడున్నా చల్లగా, హాయిగా ఉండు.