గడి ముందర మడిచిన సైకిల్

మడతపడే సైకిల్ ఒకటి ఉన్నదన్న ముచ్చట నాకు మొదట తెచ్చింది మా ఇంటికి పాలు పోసే అవ్వ. ఆమె కొడుకు సికింద్రాబాదు లష్కర్‌ల హమాలి పని చేస్తుండె. జర్మనీ లడాయి అయిపోయినంక పటాలపోళ్ల సామాన్లు అక్కడ కుప్పలు పోసి అమ్ముతున్నరని, డేరాలు, బూట్లు, నీళ్ల సీసాలతోని పాటు నడుమకు మడిచే సైకిళ్లు కూడా ఉన్నయని చెప్పిండట.

"విమానంల కెల్లి దుంకెటోళ్లు గవ్వి సంకల పెట్టుకొని దుంకుతరట పిల్లా," అని అవ్వ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. పాల చెంబు కింద పెట్టి, మడిస్తె ఎంత అయితదని అడిగిన.

మేం సిద్దిపేటల సాలోళ్లం. ఇంట్ల గుంట మగ్గం. మా ఇంటాయన నేసేది, నేను కండెలు చుట్టేది. నాలుగు చీరెలు అయినంక ఆయన మూట గట్టి, సైకిల్ మీద నారాయణరావుపేట దిక్కు ఊళ్లు తిరిగి అమ్ముకొచ్చేది. మా నాయిన పురాణం చదువుకుంటనే నాకు అక్షరాలు నేర్పిండు గనుక, ఎవరెవరికి ఏ అంచు కావాల్నో నేను రాసిచ్చేదాన్ని. దేవుని దయవల్ల దినాలు గడుస్తుండె.

ఆ తొవ్వల ఒక దొర గడి, కోటసొంటి ఇల్లు, ఉన్నది. ఊరి పేరు రాయను. దొర కొడుకు పట్నం నుంచి సైకిల్ తెచ్చుకున్నంక, ఆ ఊరి గుండ ఇంకొకడు సైకిల్ మీద పోవద్దని హుకుం అయ్యింది. మా ఇంటాయన గడి రాకముందే దిగి, చెప్పులు చేతిల పట్టుకొని, సైకిల్ నడిపించుకుంట పోయిండు. దిగితె చాలనుకున్నడు. చాలదట. సైకిల్ కనబడుడే తప్పట. గడి మనుషులు పట్టుకొని చక్రాలను గొడ్డలితోని నరికి, విరిగిన గొట్టంతోనే ఆయన కుడి మోకాలి మీద కొట్టిన్రు. చిప్ప పగిలిన సప్పుడు తనకు ఇనబడ్డదని, నొప్పి కంటె ఆ సప్పుడే యాదికొస్తదని తర్వాత నాకు చెప్పిండు. ఎవలో పుణ్యాత్ములు బండిల ఏసి తెచ్చిన్రు. చీరెల నిండ నెత్తురు. ఉతికితె కొన్నిటికి పోయింది. పోనివాటిని చింపి ఆయన మోకాలికే కట్టిన.

ఆ కాలుతోని మగ్గం తొక్కుడు కాలేదు. నేను మగ్గంల దిగిన. నేసుడు నాతోని అయితది, అమ్ముడు ఎట్ల? సిద్దిపేట సావుకార్లకు అమ్మితె నూలు ఖర్చు కూడ ఎల్లదు. ఊళ్లు తిరగాలె. తిరగాలంటె ఆ కాలుకు సైకిల్ కావాలె. ఒక్క కాలుతోని తొక్కుతనని ఆయన పట్టు. సైకిల్ మళ్ల కనబడితె ఈసారి పానమే తీస్తరు. గుట్టల ఎనక ఇంకో బాట ఉన్నది గని అది మేకలు నడిచే బాట. గడి ఉన్న ఆ కొంచెం దూరం సైకిల్ ఎవలకూ కనబడకుంట దాటాలె. మా బతుకు గక్కడ ఆగింది.

నా కాళ్ల కడియాలు అమ్మి ఇద్దరం లష్కర్ పోయినం. సామాన్లు అమ్మే సేటు మూడు సైకిళ్లు తెచ్చి నిలబెట్టిండు. ఒకటి కొత్త రంగు ఏసి మెరుస్తున్నది. మా ఇంటాయన దాని కీలు మీద, పోగుల ముడి ఎతికినట్టు, బొటనవేలు రాసి చూసిండు. రంగు కింద పగులు తగిలింది. రెండోదాని కీలు గట్టిదే గని, చేతులు పట్టుకునే కొమ్ములు పక్కకు తిరగక ఆవు కొమ్ములోలె పైకే ఉన్నయి. మూడోదానికి సీటు చినిగిపోయింది, గంట లేదు, గాలి పంపు లేదు, బురద రేకులు లేవు. రెండు నట్లు వదులు చేస్తె నడుమకు మడిచి చక్రం మీద చక్రం పడ్డది. కొమ్ములు తిరిగినయి. కాలు పెట్టే కడ్డీలు లోపలికి నూకితె పోయినయి.

నేను సంచిల నుంచి మూట గట్టే గుడ్డ తీసి నేల మీద పరిచిన. ఆయన సైకిల్‌ను దాని మీద పడుకోబెట్టిండు. నాలుగు కొంగులు తెచ్చి ముడి ఏసి చూసిన. అందినయి.

సేటు నడుముకు చేతులు పెట్టుకొని చూస్తుండె. "ఏమమ్మా, సైకిల్ కొంటున్నవా, మూట కొంటున్నవా?"

"మూటనే కొంటున్నం సేటు," అన్న.

గంట వేరే కొనుక్కోమన్నడు. మాకు గంట ఎందుకు? సప్పుడు ఎంత తక్కువైతె అంత మేలు. కడియాల పైసల్ల అది వచ్చింది, బస్సు కిరాయి మిగిలింది. దేవునికి దండం పెట్టుకొని ఇంటికొచ్చినం.

మూలలు పొడవకుండ పాత బొంత ముక్కలు చుట్టి, పైన గుడ్డ కట్టేదాన్ని. ఊరు వచ్చేముందు తుమ్మల సాటున ఆయన సైకిల్ మడిచి నెత్తిన పెట్టుకోవాలె, చీరెల మూట భుజాన ఏసుకోవాలె, ఊరు దాటినంక మళ్ల ఇప్పుకోవాలె. మొదటిసారి పోయిననాడు ఆయన వచ్చేదాక నేను మగ్గం దిగలేదు. పోగుల నడుమ నాడె కొట్టినప్పుడల్ల నారాయణ అనుకున్న.

వచ్చి చెప్పిండు. గడి వాకిలి కమాను కింద ఒక ముసలాయన కావలి ఉంటడట. కట్టెతోని నెత్తి మీది మూటను పొడిచి చూసిండట. ఇనుము కణ్‌మన్నది. ముసలాయన మా ఇంటాయన కాలు దిక్కు చూసిండట, మోకాలు పగిలిననాడు కూడ ఆయన అక్కడనే ఉండె. అరుగు మీద దొర లెక్కలు రాసే మున్షీ ఏందిరా అది అని అడిగితె, మగ్గం సామానని ముసలాయననే చెప్పిండట. మళ్ల పోయినప్పుడు కూడ అదే మాట. మా ఇంటాయనతోని ఒక్క ముచ్చట పెట్టలేదు, నవ్వలేదు. ఎందుకు కాపాడుతున్నడో మాకు తెలువదు. నేను రోజు దీపం పెట్టినప్పుడు ఆయనకని ఒక పువ్వు పెట్టేదాన్ని.

బతుకమ్మ పండుగ దగ్గరికొచ్చింది. దొరసాని చీరెలు చూస్తదని మా ఇంటాయనను గడిలకు పిలిచిన్రు. మేం మరిచింది గదే. సైకిల్ దాసుటానికి మూట కన్న మంచిది లేదనుకున్నం. పండుగకు చీరెలమ్మెటోని మూట ముందుగాల గడిల ఇప్పాలెనన్నది మాకు పుట్టినప్పటి సంది తెలుసు. తెలిసి కూడ అది మనసుకు రాలేదు.

నెత్తి మీది మూట ముసలాయన దగ్గర దించి, భుజం మీది మూట లోపల ఇప్పిండు. దొరసానికి ఒక్కటి కూడ నచ్చలేదు. మంచి చీరెలు బయట దాసిపెట్టి పిచ్చియి తెచ్చిండని మున్షీ అన్నడు. ఏ బట్టలాయన మీదనైనా వచ్చే అనుమానమే అది. ముసలాయన మూటకు అడ్డం నిలబడి మగ్గం సామానే అన్నడు. మున్షీ ఆయనను నూకి, కత్తితోని ముడి కోసిండు. సైకిల్ బయటపడ్డది.

ఇద్దరినీ కమాను స్తంభాలకు కట్టిన్రు. చింత బరిగెలు విరిగినకొద్ది కొత్తయి తెచ్చిన్రు. మా ఇంటాయన వీపు తోలు అంగికి అంటుకొని వచ్చింది. దొర వచ్చి, ఇది ఎవని తెలివి అని అడిగిండు.

"నాదే దొరా, నీ బాంచెన్," అన్నడు ముసలాయన. "మూట గట్టుకొని పొమ్మని నేనే చెప్పిన. గీ సాలాయనకు ఏం తెలువది."

అది అబద్ధం. దొర మా ఇంటాయన కట్లు ఇప్పించి, బరిగె చేతిల పెట్టి, వీన్ని నువ్వు కొట్టి ఇంటికి పో, కొట్టకుంటె ఇద్దరు గీడనే సస్తరు అన్నడు. మా ఇంటాయన చెయ్యి లేవలేదు. ముసలాయన తల కొంచెం ఎత్తిండట.

"కొట్టు బిడ్డ. గట్టిగ కొట్టు. మెల్లగ కొడితె మళ్ల కొట్టమంటరు."

ఆయన కొట్టిండు.

తర్వాత బయటికి నూకిన్రు. చేతుల మీద, మంచి మోకాలి మీద పాక్కుంట వచ్చిండు. ఎనక గొడ్డలి సప్పుడు ఇనబడ్డదట. అది ఇనుము మీద పడుతున్నదో, మనిషి మీద పడుతున్నదో తిరిగి చూడలేకపోయిండు.

ముసలాయన ఆ రాత్రి దాటలేదని అంగడికి వచ్చిన ఆ ఊరోళ్లు చెప్పిన్రు. మా ఇంటాయన చానా దినాలు కుడి చేతితోని అన్నం తినలేదు. నేనే కలిపి పెట్టేదాన్ని. ఊళ్లు తిరుగుడు అంతటితోని బంద్ అయ్యింది. సావుకారు ఇచ్చిందే తీసుకొని, ఒక పూట తిని బతికినం. బతికినం అన్నది మాత్రం నిజం, ఆ బతుకు ఒకరు ఇచ్చింది.

మరుసటి ఏడు యూనియన్ పటాలం వచ్చి నిజాం సర్కారు పడిపోయింది, దొర పట్నం పారిపోయిండు. అప్పుడు నేను నేసిన చీరె పట్టుకొని ఇద్దరం బండి మీద ఆ ఊరికి పోయినం. ముసలాయన భార్య గుడిసె ముందర కట్టెలు కొడుతున్నది. మా ఇంటాయన ఆమె కాళ్ల మీద పడి, నేను కూడ కొట్టిన అవ్వా అని ఏడ్చిండు.

"తెలుసు బిడ్డ. పానం పోకముందు ఆయన చెప్పిండు," అన్నది. "సాలాయన చెయ్యి లేవనే లేదు, నేనే కొట్టుమన్న, వస్తె ఏమనకు అన్నడు."

చీరె తీసుకోలేదు. యాడాదికోపాలి యాది చేసుకుంటె చాలన్నది. ఆయన పేరేందని అడిగిన. ఆడిది మొగని పేరు నోట చెప్పది కద, తల వంచుకొని కట్టెలు ఏరుకున్నది. ఊర్ల అడిగితె అందరు కావలి ముసలోడనే అన్నరు. గడిల ఆయనను పేరు పెట్టి పిలిచినోళ్లు లేరు.

ఇప్పుడు ఆ తొవ్వల ఎవలు దిగేది లేదు, మడిచేది లేదు. చదివెటోళ్లను నేను ఒక్కటి అడుగుతున్న. నన్ను, మా ఇంటాయనను మరిచిపోన్రి, మంచిదే. మీరు సైకిల్ ఎక్కి ఎవరి వాకిలి ముందర నుంచి పోయినా, కమాను కింద నిలబడ్డ ఆ పేరు తెలువని ముసలాయనను జర యాది చేసుకోన్రి.