కంచె అవతలి దిష్టి

పోయిన ఆదివారం మా వంటింట్లో ఇనప మూకుట్లో గుప్పెడు ఉప్పూ నాలుగు ఎండుమిరపకాయలూ వేసి కాల్చాను. ఘాటు గొంతు పట్టుకుంది, సీలింగుకున్న స్మోక్ అలారం ఇల్లెగిరిపోయేలా అరిచింది, మా అన్నయ్య మురళి తువ్వాలు పట్టుకుని దాని కింద నిలబడి విసురుతున్నాడు. అరవై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, మర్నాడు మోకాలి ఆపరేషను. కానీ ఆ తువ్వాలు విసరడం చూస్తుంటే నాకు పదేళ్లు, అన్నయ్యకి పదిహేడు, అమ్మ ఇంకా ఉంది.

అది న్యూజెర్సీ, పిస్కాటవే దగ్గర ఒక చిన్న ఊరు, ఎనభైల మొదటి సంవత్సరాలు. నాన్న మందుల కంపెనీలో కెమిస్టు. మా వంశంలో చూరు తగిలేంత ఎత్తు మనిషి పుట్టలేదు. అన్నయ్య మాత్రం పదో క్లాసులో ఉండగానే తల వంచి గరాజ్‌లోకి వెళ్లేవాడు. వాడు ఎవరి పోలికో ఎవరికీ తెలియదు. అమ్మ మాత్రం "మా తాతయ్య పోలిక" అనేది, ఆ తాతయ్యని చూసినవాళ్లు ఎవరూ లేరు గనక చెల్లిపోయింది.

నాకు ఋతువులు అన్నయ్య వంటిమీద తెలిసేవి. మేపుల్ ఆకులు ఎర్రబడి రాలే రోజుల్లో ఫుట్‌బాల్, అంటే కాలితో తన్నేది కాదు, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తేవాణ్ని పది మంది మీదపడి పడగొట్టే ఆట. ఆ పడగొట్టడమే అన్నయ్య పని. మోచేతులకి గడ్డి మరకలు, చెవుల్లో మట్టి, బట్టలు విప్పితే పెరడంతా ఇంట్లోకి వచ్చినట్టుండేది. మంచు పడేసరికి బాస్కెట్‌బాల్, జిమ్‌లో బూట్ల కీచుశబ్దం, పాప్‌కార్న్ వెన్న వాసన. మంచు కరిగి డాఫొడిల్స్ పూసేసరికి ఇనపగుండు విసరడం. ఆ గుండు నేను రెండు చేతులతో ఎత్తబోయి బోర్లాపడ్డాను, వాడు దాన్ని మెడకి ఆనించుకుని, ఒక్కసారి గిర్రున తిరిగి, చెరువులోకి చింతపిక్క విసిరినట్టు విసిరేవాడు. ఈ మనిషీ నేనూ ఒకే కంచంలో ఆవకాయన్నం ముద్దలు తిన్నామంటే నాకే నమ్మకం కలిగేది కాదు.

దసరాకి అమ్మ ఆయుధపూజ చేసేది. పీట మీద కుట్టుమిషను కత్తెర, నాన్న స్క్రూడ్రైవర్లు, కారు తాళాలు, వాటి మధ్య పెద్ద గుమ్మడికాయంత అన్నయ్య హెల్మెట్. దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, పులిహోర, చక్రపొంగలి నైవేద్యం పెట్టేది. ఆ బొట్టుతోనే వాడు ఆడాడు, ఆ ఆట గెలిచారు. మరుసటి శనివారం పొద్దున్నే మా వాకిట్లో ఏడుగురు మగపిల్లలు చేతుల్లో హెల్మెట్లు పట్టుకుని బుద్ధిగా నిలబడ్డారు. అమ్మ అందరికీ బొట్లు పెట్టి, ఊరికే పంపకూడదని దిబ్బరొట్టె ముక్కలు కోసి పెట్టింది. వాళ్లు తిన్న తీరు చూసి మళ్లీ పిండి రుబ్బడానికి లేచింది.

ఆట అయి వచ్చాక దిష్టి. అన్నయ్య కుర్చీలో కూర్చుంటే తప్ప అమ్మ చెయ్యి వాడి తల చుట్టూ తిరిగేది కాదు. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, కోచ్ దిష్టి, కేకలేసినోళ్ల దిష్టి, నా దిష్టి" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి మూకుట్లో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు, వస్తే పర్వాలేదన్నట్టు. వచ్చిన రోజున అలారం అరిచేది, అన్నయ్యే తువ్వాలు విసిరేవాడు. నాన్న దిష్టి మాత్రం అనేది కాదు. "ఆయన చూస్తే కదా తగలడానికి" అని గొణుక్కునేది.

నిజమే, నాన్న ఆటకి వచ్చేవారు కాదు. "ఎముకలు విరగ్గొట్టుకోడానికా ఈ దేశం వచ్చింది? నేను ఆ గేటులో అడుగుపెట్టను" అని మొదటి ఏడే తేల్చేశారు. శనివారం మధ్యాహ్నాలు కారేసుకుని పక్క ఊళ్లో ఇండియన్ స్టోర్‌కి వెళ్లేవారు. పోనీ అదైనా సవ్యంగా చేసేవారా అంటే, చింతపండు తెమ్మంటే మర్చిపోయేవారు, చీకటిపడే వేళకి ఒక కొత్తిమీర కట్టతో వచ్చేవారు. కెమిస్టుకి ఇంత మతిమరుపేమిటని అమ్మ నెత్తి కొట్టుకునేది.

స్కూల్లో అన్నయ్య చివరి ఏడు, డిసెంబరులో, పెన్సిల్వేనియాలోని ఒక కాలేజీ నుంచి ఫుట్‌బాల్ కోచ్ మా ఇంటికి భోజనానికి వస్తానన్నాడు. వాడి ఆట నచ్చింది, చదువూ ఆటా రెండూ అక్కడే, కానీ ఇంట్లోవాళ్లని చూసి మాట్లాడాకే ఖాయం చేస్తాడు. అన్నయ్యకి ఆ వారం అన్నం సహించలేదు. కోచ్ ఊ అనాలి, ఆ తరవాత నాన్న ఊ అనాలి, రెండో కొండ మొదటిదానికన్నా ఎత్తు.

ఆయన వచ్చాడు. ఎర్రటి మొహం, మా సోఫా సగం ఆయనకే సరిపోయింది. గుత్తివంకాయ కూర మూడు మార్లు వడ్డించుకున్నాడు. తరవాత నవ్వుతూ, మీ అబ్బాయి లాంటి ఆటగాణ్ని ఈ చుట్టుపక్కల చూడలేదన్నాడు. అమ్మ కంగారుగా చేతులు ఊపింది. ఎదురుగా, పైగా అన్నం తింటున్న పిల్లాణ్ని, అంత మాట!

"నో నో, హి ఈజ్ నథింగ్ అండీ! వెరీ లేజీ. పొద్దున లేపితే లేవడు" అని వచ్చీరాని ఇంగ్లీషులో అందుకుంది.

కష్టపడి పనిచేస్తాడని విన్నానే అన్నాడాయన.

"వర్కా? ట్రాష్ కూడా బయట పెట్టడు! ఊరికే కింద పడతాడు, అంతే!"

దిష్టి తగలకుండా కొడుకుని ఎంత కిందకి దించగలదో అంత దించింది. ఆ పెద్దమనిషికి ఇదంతా ఎలా తెలుస్తుంది? నవ్వు ఆగిపోయింది, ఫోర్క్ కింద పెట్టాడు. కన్నతల్లే ఇలా అంటోందంటే అని ఆయన మొహంలో రాసుంది. అన్నయ్య తల కంచంలోకి వాలిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు నాన్న గొంతు సవరించుకున్నారు. మా ఆవిడ మాటలు పట్టించుకోకండి, మా వైపు పిల్లల్ని ఎదురుగా మెచ్చుకోరు, అని ఇంగ్లీషులో మొదలుపెట్టారు. "వీడు పడగొట్టిన ప్రతివాడికీ చెయ్యందించి లేపుతాడు. వానలో ఆడిన రోజు కూడా, ఓడిపోతున్న రోజు కూడా. అది నేను నేర్పింది కాదు. మావాడి అంతటివాణ్ని నేనూ చూడలేదు."

మీరు ఆటలకి రారన్నాడే మీవాడు, అన్నాడు కోచ్.

"గేటులోకి రానన్నాను, రాలేదు. కంచె అవతల నిలబడ్డాను."

అమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. "అయితే చింతపండు..." అంది. అన్నయ్య తలెత్తి నాన్న వంక చూసిన చూపు నేను ఇప్పటికీ వర్ణించలేను. నాకు మాత్రం ఆ క్షణంలో నాన్న అన్నయ్యకన్నా ఎత్తుగా కనబడ్డారు.

కోచ్ వెళ్తూ గుమ్మంలో నాన్న చెయ్యి పట్టుకుని ఊపి, ఆగస్టులో పంపండి అన్నాడు. నాన్న "ఓకే" అన్నారు. తలుపు మూయగానే అమ్మ అన్నయ్యని కుర్చీలో కూలేసింది. ఇరుగు, పొరుగు, కోచ్, అన్నీ అయ్యాక చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "మీ నాన్న దిష్టి" అంది. మూకుట్లో మిరపకాయలు నల్లగా మాడిపోయాయి. ఎవరికీ పొలమారలేదు, అలారం కూత పెట్టలేదు.

అమ్మా నాన్నా పోయారు, ఆ ఇల్లు ఇప్పుడు వేరేవాళ్లది. మైదానం చుట్టూ కంచె తీసేసి బెంచీలు వేశారు. మనవల ఆటలు వీడియోలు తీసి ఊరంతటికీ పంపుకుంటున్నాం, మెచ్చుకోడానికి భయపడేవాళ్లెవరూ మిగల్లేదు. అమ్మ మూకుడొక్కటే నా దగ్గరుంది. ఆదివారం అన్నయ్యని కుర్చీలో కూర్చోబెట్టి అమ్మ వరసలోనే తిప్పాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, డాక్టర్ల దిష్టి. "నాన్న దిష్టి" అనబోతుంటే అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"అదొక్కటీ తియ్యకే. ఉండనీ."